బ్రెగ్జిట్ మనకెందుకే అంటే

మొన్న క్లాసులో బ్రెగ్జిట్ టాపిక్ వచ్చింది. 2016 జూన్ 23న బ్రిటన్‌లో ఓటింగు, దాదాపు 52 శాతం మంది యూరోపియన్ యూనియన్ వద్దన్నారు. "బుద్ధిలేని పని" అని అందరం ఒక్క మాటలో తేల్చేశాం. నేనూ అన్నాను. వెనక బెంచీలోంచి ఎవరో "మనకెందుకే ఆ గోల" అన్నారు. ఆ మాట నన్ను వదల్లేదు, అందుకే గోడపత్రికలో ఇంత చోటు అడిగాను.

వలస వచ్చినవాళ్ల మీద కోపంతో ఓటేసినవాళ్లు బోలెడు మంది ఉన్నారు, కాదనను. కానీ యూనియన్ వద్దనే వామపక్షం కూడా అక్కడ ఎప్పట్నుంచో ఉంది. 1975లో జరిగిన మొదటి రెఫరెండంలోనే, మంత్రిగా ఉంటూ, లేబర్ నాయకుడు టోనీ బెన్ వద్దని ప్రచారం చేశాడు. ఓటేసి దించే వీలులేనివాళ్ల చేతిలో అధికారం ఉండకూడదన్నది ఆయన వాదం. 2015 జూలైలో గ్రీసు ప్రజలు 61 శాతం మంది అప్పులవాళ్ల షరతులకు 'వద్దు' అన్నారు. రెండు వారాలు తిరక్కుండానే ప్రభుత్వం అలాంటి షరతులకే తలవంచింది. ఓటు ఒక చోట, డబ్బు ఇంకో చోట.

ఇక మన గోల. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'విజన్ 2020' విడుదల చేసింది. దాన్ని తయారుచేయడంలో సాయపడింది మెకిన్సీ అనే అమెరికన్ కన్సల్టెన్సీ. ప్రపంచ బ్యాంకు అప్పిచ్చింది, కరెంటు బోర్డును ముక్కలు చేశారు. 2000 ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద హైదరాబాదులో ఊరేగింపు తీస్తే బషీర్‌బాగ్ దగ్గర పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఇంతవరకు మనలో చాలామంది వినే ఉంటారు. నాకు తెలియనిది బ్రిటన్ సంగతి. వాళ్ల సాయం శాఖ డిఎఫ్‌ఐడి మన రాష్ట్రానికి పెద్ద ఎత్తున డబ్బిచ్చింది. ప్రభుత్వరంగ సంస్థల్ని ఎలా అమ్మాలో, ఎలా మూసేయాలో సలహా చెప్పడానికి ఆడమ్ స్మిత్ పేరు పెట్టుకున్న లండన్ కన్సల్టెన్సీకి ఫీజు కట్టింది కూడా ఆ శాఖే. అంటే సాయం అని లెక్కరాసిన డబ్బులో కొంత లండన్ దాటనే లేదన్నమాట!

విజన్ 2020లో, వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలని ఉంది. తగ్గేవాళ్లు ఎక్కడికి పోవాలి? 2001లో మెదక్ జిల్లాలో 'ప్రజాతీర్పు' అని ఒకటి జరిగింది. చిన్న రైతులు, ఎక్కువమంది ఆడవాళ్లు, జ్యూరీగా కూర్చుని ప్రభుత్వం వైపువాళ్లనీ కంపెనీల వైపువాళ్లనీ ప్రశ్నలడిగారు. చివరికి, మమ్మల్ని భూమి మీంచి తగ్గించొద్దు, జన్యుమార్పిడి పంటలు వద్దు, ఒప్పంద సేద్యం వద్దు అని తీర్పిచ్చారు. బ్రిటన్ రెఫరెండం కంటే ఇది పదిహేనేళ్లు ముందు. ఆ నివేదిక మీద డిఎఫ్‌ఐడి అభ్యంతరం చెప్పింది.

అందుకే బ్రెగ్జిట్ కోరిన వామపక్షంతో నేను సగమే ఏకీభవిస్తాను. వాళ్లడిగిన ప్రశ్న సరైనదే. కానీ బ్రస్సెల్స్ నుంచి లాక్కున్న పగ్గాలు ఎవరి చేతికొచ్చాయి? లండన్ బ్యాంకుల పేట అక్కడే ఉంది. మన సీనియర్లలో కొందరు ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో కూర్చుని ఆ బ్యాంకుల లెక్కలే చూస్తున్నారు (రేపు నేనూ అప్లై చేస్తానేమో, నవ్వకండి).

మా ఇంట్లో నాన్న వైపు కన్నడం, అమ్మ వైపు తెలుగు. అమ్మమ్మది ఆ మెదక్ జిల్లానే, జొన్నలు పండించేది. ఫోన్ చేసి విజన్ 2020 గుర్తుందా అని అడిగాను. "మమ్మల్నెవరడిగిండ్రు బిడ్డా" అంది. తర్వాత, ఆ లండనోళ్లు ఇప్పుడేం చేస్తున్నారని అడిగింది. 2020 జనవరిలో యూనియన్ నుంచి బయటికొచ్చారని, అదే ఏడాది సెప్టెంబరులో ఆ సాయం శాఖను కూడా విదేశాంగ శాఖలో కలిపేశారని చెప్పాను. "మరి కరెంటు బిల్లు?" అంది.