పదిహేను లక్షల లెక్కలో మన పేరు కూడా ఉన్నది

పోస్టు కొంచెం పెద్దది, తీరిక చేసుకొని చదవండి.

తెలంగాణలో పీవీటీజీలు ఎన్ని? నాలుగు: చెంచు, కోలాం, కొండరెడ్డి, తోటి. అటవీ హక్కుల చట్టం ఏ సంవత్సరం? 2006. పీఎం జన్‌మన్ ఎప్పుడు మొదలైంది? 2023 నవంబరు 15. దిల్‌సుఖ్‌నగర్ కోచింగుల్లో ఈ బిట్లు వస్తే మనం ప్రశ్న సగం చదవకముందే జవాబు పెట్టేస్తం. చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ రూముల్లో గ్రూప్స్‌కు, డీఎస్సీకి, కానిస్టేబుల్‌కు చదువుతున్న మన పిల్లలందరికీ ఇవి నోటికి వచ్చు. అయితే ఈ బిట్లు పరీక్ష హాలు బయట కూడా మన మీదికి వస్తున్నయి. ఆ సంగతి మాట్లాడుకుందాం.

నల్లమలలో మన పెంటలు (పెంట అంటే చెంచుల ఊరు అని పట్నం దోస్తులకు చెప్పీ చెప్పీ అలసిపోయినం, వాళ్లకు ఆ మాటకు వేరే అర్థమే తెలుసు) ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల ఉన్నయి. చుట్టూ నీళ్లకు బదులు అడవి ఉన్న దీవులనుకోండి. బస్సు శ్రీశైలం హైవే దాకనే. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 గంటలకు గేటు పడితే మళ్లీ తెల్లారి 6కే. హైవే దిగినంక లోపలి పెంటలకు మట్టి బాట. జీపు దొరికితే జీపు, లేకుంటే నడక. కాన్పు వచ్చినా, పాము కరిచినా అదే బాట. అందుకే "మీరు అడవి విడిచి బయటికి రండి" అని ఎవరన్నా అంటే మన అవ్వలు, తాతలు వెంటనే కొట్టిపారేయరు. కొందరికి నిజంగనే రావాలని ఉంటది. వాళ్లను తప్పు పట్టే హక్కు ఇక్కడ మెట్రో ఎక్కి తిరిగే మనకు లేదు.

సార్లపల్లి, కుడిచింతలబైలు దిక్కు తరలింపు మాట కొన్నేండ్లుగా నడుస్తనే ఉన్నది. కవ్వాల్‌లో మైసంపేట, రాంపూర్ వాళ్లు 2024లో కడెం దగ్గర కొత్త మద్దిపడగకు మారిండ్రు కూడా. ప్యాకేజీ రెండు రకాలు: డబ్బు తీసుకొని మీ దారి మీరు చూసుకోవడం, లేదా సర్కారు చూపించిన కాడ ఇల్లు, భూమి. జాతీయ పులుల సంరక్షణ సంస్థ లెక్కలో కుటుంబానికి ముందు 10 లక్షలు ఉండె, 2021లో 15 లక్షలు చేసిండ్రు.

ఇక్కడ కుటుంబం అంటే ఎవరు? ఆ నిబంధనల ప్రకారం 18 నిండిన కొడుకు, పెండ్లి అయినా కాకున్నా, వేరే కుటుంబం. 18 నిండిన, పెండ్లి కాని బిడ్డ కూడా అంతే. అంటే ఎల్బీనగర్ హాస్టల్‌లో నెల ఫీజు ఎట్ల కట్టాల్నా అని చూస్తున్న మన తమ్ముడు ఆ జాబితాలో ఒక 15 లక్షల కుటుంబం. ఇంటి నుంచి ఫోన్ వస్తది: "ఏమంటవురా, సంతకం పెడుదమా? నీ కోచింగుకు అయితయి." అయ్య అడిగేది కొడుకు బాగుకోసమే. అప్పు ఉన్న ఇంట్లో ఆ మాటకు వద్దు అని చెప్పడానికి ఎంత గుండె కావాలె?

కాబట్టి డబ్బు లెక్క ఒకసారి చూద్దాం. 15 లక్షలు హయత్‌నగర్ దిక్కు వంద గజాల జాగకు కూడా సరిపోవు. అచ్చంపేటలో ఇల్లు కట్టుకుంటే తర్వాత తినేదానికి కూలీయే దిక్కు. పెంటలో ఉన్న తేనె, జిగురు, మారేడు గడ్డలు, ఉసిరికాయ, మొర్రిపండ్లు ఏ ప్యాకేజీలోనూ లెక్కకు రావు. జీసీసీ ఇచ్చే ధర తక్కువే, ఆ కొట్లాట వేరే ఉన్నది. కానీ ఆ తక్కువ ధర ఏటేటా వస్తది, 15 లక్షలు ఒక్కసారే వస్తయి.

ఇప్పుడు చట్టం. 2006 చట్టంలో సెక్షన్ 3(1)(ఇ) పీవీటీజీలకు ఆవాస హక్కు ఇస్తది. ఇంటి పట్టాతో అయిపోయే హక్కు కాదది. మన జాతి తిరిగే, బతికే, దేవుడిని కొలిచే నేల మొత్తానికి సంబంధించింది. సలేశ్వరం లింగమయ్య జాతరలో పూజారులు మన చెంచులే కదా, ఆ దారి, ఆ గుండం, ఆ గుట్టలు అన్నీ అందులోకి వస్తయి. మధ్యప్రదేశ్ దిండోరి జిల్లాలో బైగాలు ఈ హక్కు సాధించిండ్రు. సెక్షన్ 3(2) అయితే బడి, అంగన్‌వాడీ, దవాఖాన, తాగునీళ్లు, బాట లాంటి 13 రకాల పనులకు గ్రామసభ సిఫారసు మీద హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చని చెప్తది. అభయారణ్యంలో దాన్ని అమలు చేయించడం సులువేం కాదు. అయినా "అడవిలో ఉంటే ఏ సౌకర్యమూ రాదు, బయటికి వస్తేనే వస్తది" అనే మాటకు అందులో జవాబు ఉన్నది.

తరలింపు గురించి సెక్షన్ 4(2): ముందు హక్కుల గుర్తింపు పూర్తి కావాలె, మనుషులూ జంతువులూ కలిసి ఉండే వేరే మార్గం లేదని తేలాలె, గ్రామసభ అన్నీ తెలుసుకొని, ఎవరి బలవంతం లేకుండా రాతపూర్వకంగా ఒప్పుకోవాలె. చెప్పిన కాడ భూమి, వసతులు సిద్ధం కాకముందు ఒక్కరిని కూడా కదిలించొద్దు. పులుల అభయారణ్యాలకు వన్యప్రాణి చట్టం 38వి కూడా ఇంచుమించు ఇదే చెప్తది.

ఇందులో మనకు నేరుగా తగిలేది గ్రామసభ. 18 నిండిన ప్రతి ఒక్కరూ సభ్యులే. 2012లో సవరించిన రూల్స్ ప్రకారం కోరం సగం మంది, వచ్చిన వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలె. చిన్న పెంటలో పది మంది పిల్లలు పట్నంలో ఉంటే సభ నిలిచేదీ నిలవనిదీ వాళ్ల మీదనే ఉంటది. కాగితం చదివి చెప్పగలిగేది కూడా ఎక్కువగా వాళ్లే. ఆ రోజు ఊళ్లో వాళ్లు లేకుంటే, ఇంగ్లిషులో ఉన్న కాగితం మీద మన తాత వేలిముద్ర పడితే, దాన్ని "తెలుసుకొని ఒప్పుకున్నారు" అని రాసుకుంటరు.

పులులు ఉన్న కాడ మనుషులు ఉండలేరు అనేటోళ్లకు కర్ణాటక చూపించండి. బిళిగిరి రంగన బెట్ట పులుల అభయారణ్యంలో సోలిగలకు 2011లో సామూహిక అటవీ హక్కులు వచ్చినయి, వాళ్లు లోపలే ఉన్నరు. ఇంకా దూరం పోతే, వేల దీవుల దేశం ఇండోనేషియాలో ఆదివాసుల సంఘం అమాన్ వేసిన కేసులో 2013 మే నెలలో రాజ్యాంగ న్యాయస్థానం, సంప్రదాయ అడవి సర్కారు అడవి కిందికి రాదని తీర్పు చెప్పింది. తీర్పుతోటే అడవులన్నీ చేతికి రాలేదు. కానీ కోర్టులో నిలబడి మాట్లాడే పట్టు దొరికింది. మన కాడ కూడా 2019లో యురేనియం వద్దని నల్లమల లేస్తే, ఆ సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేయాల్సి వచ్చింది.

మన అభిప్రాయం ఇది: పోవాలనుకున్న ఇల్లు పోవొచ్చు, ఉండాలనుకున్న పెంట ఉండొచ్చు, కానీ హక్కుల పట్టా చేతికి రాకముందు ఏ కాగితం మీదా సంతకం వద్దు. ఆవాస హక్కు దరఖాస్తు ముందు, తరలింపు మాట తర్వాత. గ్రామసభ అంటే ఒక రోజు క్లాసు పోయినా ఊరికి పోదాం, వీడియోలు తర్వాత చూసుకోవచ్చు. చట్టం తెలుగు ప్రతి జిరాక్సు తీసి సెలవులకు పోయేటప్పుడు పెంటకు ఒకటి ఇద్దాం. రాత్రి పూట అందరూ కూర్చున్నప్పుడు మెల్లగ చదివి వినిపిద్దాం, అవ్వలు అడిగే ప్రశ్నలు రాసుకొద్దాం. లాయరు దగ్గరికి పోయేటప్పుడు అవే పనికొస్తయి.

కొత్త మద్దిపడగకు పోయిన వాళ్ల పిల్లలు, సార్లపల్లి దిక్కు వాళ్లు గ్రూపులో ఉంటే ఒక మాట చెప్పండి: గ్రామసభ తీర్మానం నకలు మీ ఇంట్లో ఎవరి చేతిలోనైనా ఉన్నదా? భూమి కాగితం ఎవరి పేరు మీద వచ్చింది, అయ్య పేరు మీదనా, అమ్మ పేరు కూడా ఉన్నదా?