కారు మాది, సిమ్ ఎవరిది?

మేము కార్లు కొనుక్కున్నవాళ్లం. మాలో ఇంకా కిస్తీలు కడుతున్నవాళ్లున్నారు, క్యాబ్ నడిపేవాళ్లున్నారు, బండి వైరింగ్ విప్పి బిగించడమే బతుకుతెరువైన ఎలక్ట్రీషియన్లు ఒకరిద్దరున్నారు. మాకు పార్టీ లేదు, జెండా లేదు. ఉన్నది ఒక్క ఫిర్యాదు. డాష్‌బోర్డు వెనక మా కంటికి కనిపించని సిమ్ ఒకటి ఉంది. దాని ఖర్చు మొదట బండి ధరలో కలిపి, తర్వాత రెన్యువల్ పేరుతో విడిగా మా దగ్గరే వసూలు చేస్తున్నారు. ఏ కంపెనీ సిమ్ కావాలని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఈ కథ మన దేశంలో గట్టిగా మొదలైంది 2019లో. మే నెలలో హ్యుందాయ్ వెన్యూ, జూన్‌లో ఎంజీ హెక్టర్, ఆగస్టులో కియా సెల్టాస్ వచ్చాయి. ‘ఇంటర్నెట్ కారు’ అన్న మాట అప్పుడే ఇంటింటికీ చేరింది. వెన్యూలో వొడాఫోన్ ఐడియా ఈ-సిమ్, హెక్టర్‌లో ఎయిర్‌టెల్ ఈ-సిమ్. ఫోనుతో తాళం వేయొచ్చు, ఎక్కబోయే ముందే ఏసీ ఆన్ చేయొచ్చు, బండి ఎక్కడుందో మ్యాపులో చూడొచ్చు. ఇవి మాకు నచ్చలేదని అబద్ధం చెప్పం. నచ్చాయి కాబట్టే కొన్నాం. కానీ షోరూమ్‌లో రంగు మాకిష్టమైంది ఎంచుకోమన్నారు, సీటు కవర్లు ఎంచుకోమన్నారు, నంబరు ప్లేటుకు ఫ్యాన్సీ నంబరు కావాలా అన్నారు. నెట్‌వర్క్ మాత్రం పెళ్లిచూపులు లేని పెళ్లి.

ఫోను విషయంలో ఈ దేశం ఇలా లేదు. 2011 జనవరి 20 నుంచి నంబరు మార్చకుండానే కంపెనీ మార్చుకునే హక్కు దేశమంతటా ఉంది. జేబులో ఉన్న సిమ్‌కు ఉన్న స్వేచ్ఛ, అంతకంటే ఎన్నో రెట్లు డబ్బు పోసి కొన్న బండిలో ఉన్న సిమ్‌కు ఎందుకు లేదు?

మాలో ఒకరు చలికాలంలో ఇంటిల్లిపాదితో లంబసింగి వెళ్లారు. తెల్లవారుజామున ఘాట్‌లో టైరు పేలి బండి గట్టుకు ఒరిగింది. అద్దం పైనున్న ఎర్ర ఎస్‌ఓఎస్ బటన్ నొక్కితే ‘నెట్‌వర్క్ లేదు’ అని వచ్చింది. వెనక సీట్లో అత్తగారి కీప్యాడ్ ఫోనులో రెండు గీతల సిగ్నల్ ఉంది, అది వేరే కంపెనీది. దాంతోనే నర్సీపట్నం మెకానిక్‌ను పిలిచారు. పద్దెనిమిది లక్షల బండి తెల్లముఖం వేసిన చోట పదిహేను వందల ఫోను ఆదుకుంది. ఏజెన్సీలో తిరిగే డ్రైవర్లను అడగండి, ఏ మలుపులో ఏ కంపెనీ టవర్ అందుతుందో వేళ్ల మీద చెబుతారు. అందుకే వాళ్ల ఫోన్లలో రెండు సిమ్‌లుంటాయి. కారుకు మాత్రం ఒక్కటే దిక్కు.

అందువల్ల మేము అన్నిటికంటే ముందు అడిగేది ప్రాణానికి సంబంధించింది. ఎస్‌ఓఎస్ బటన్ నొక్కితే అందుబాటులో ఉన్న ఏ నెట్‌వర్క్ నుంచైనా పిలుపు వెళ్లాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. యూరప్‌లో 2018 మార్చి 31 తర్వాత ఆమోదం పొందే ప్రతి కొత్త మోడల్ కారుకూ ‘ఈకాల్’ తప్పనిసరి. ప్రమాదం జరిగితే అది దొరికిన నెట్‌వర్క్ పట్టుకుని నేరుగా 112కు ఫోన్ చేస్తుంది. మన దగ్గర చాలా కార్లలో ఆ బటన్ నొక్కితే వెళ్లేది కారు కంపెనీ కాల్‌సెంటర్‌కు, అదీ వాళ్లు పెట్టిన సిమ్‌కు సిగ్నల్ ఉంటేనే. సబ్‌స్క్రిప్షన్ తీరిపోతే ఆ బటన్ ఒట్టి అలంకారం. ప్రాణాపాయానికి రెన్యువల్ తేదీ పెట్టడాన్ని మేము ఒప్పుకోం.

ఇంకో విడ్డూరం చూడండి. ఏఐఎస్-140 నిబంధన కింద టాక్సీలకు, బస్సులకు లొకేషన్ పరికరం, ఎమర్జెన్సీ బటన్ పెట్టాలి. మార్కెట్లో అమ్ముతున్న ఆ చిన్న పెట్టెల్లో రెండు కంపెనీల ప్రొఫైళ్లు, అంటే కనెక్షన్లు, ఉండటం మామూలు విషయం. ఒకటి అందకపోతే పెట్టె రెండోదానికి మారుతుంది. మా క్యాబ్ సోదరుల బండిలో ఉన్న ఈ వసతి సన్‌రూఫ్ ఉన్న సొంత కారులో లేకపోవడానికి సాంకేతిక కారణం మాకు కనిపించలేదు. వ్యాపార కారణం కనిపించింది.

అసలు ఈ-సిమ్ పుట్టిందే చిప్పు పీకకుండా కంపెనీ మార్చడానికి. ప్రొఫైల్ గాల్లోంచే దిగుతుంది, గాల్లోంచే మారుతుంది. తాళంచెవి ఎవరి దగ్గరుందన్నదే తగువు. ఫోనులో అది వాడేవాడి చేతిలో ఉంటుంది, కారులో సర్వర్ నడిపేవాడి చేతిలో ఉంటుంది. దిగుమతైన పరికరాల్లో రోమింగ్‌లో ఉన్న విదేశీ ప్రొఫైల్‌ను ఆరు నెలల్లో, లేదా యజమాని మారితే ఆ లోపే, భారతీయ కంపెనీ ప్రొఫైల్‌గా మార్చాలని 2024 మార్చిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫార్సు చేసింది. పరాయి దేశపు ప్రొఫైల్‌ను అలా మార్చగలిగినప్పుడు స్వదేశీ ప్రొఫైల్‌ను యజమాని కోరిన రోజున మార్చడం ఏపాటి పని?

కంపెనీల వైపు మాట కూడా విన్నాం. భద్రత అంటారు. అది కొట్టిపారేయాల్సిన మాట కాదు. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో హైవే మీద పోతున్న జీప్ చెరోకీని ఇంట్లో కూర్చుని స్ప్రింట్ నెట్‌వర్క్ మీదుగా అదుపులోకి తీసుకుని ఆపేశారు. సుమారు 14 లక్షల వాహనాలను వెనక్కి పిలవాల్సి వచ్చింది. గమనించండి, ఆ బండిలో సిమ్ ఎంచింది యజమాని కాదు, కంపెనీయే. ఒకే నెట్‌వర్క్‌కు కట్టేసినందువల్ల రక్షణ రాలేదు. పాటలు వినిపించే తెరకూ బ్రేకులను శాసించే తీగలకూ మధ్య గోడ లేకపోవడం వల్ల ముప్పు వచ్చింది. కాబట్టి గోడ కట్టండి. బండి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల దారి మీ చేతిలోనే ఉంచుకోండి, మాకు అభ్యంతరం లేదు. మ్యాపులు, పాటలు, పిల్లల వీడియోలు నడిచే దారి మాకివ్వండి. బీఎండబ్ల్యూ 2021లో ఐఎక్స్ కారుతో ఇదే చేసింది. జర్మనీలో యజమాని తన సొంత కంపెనీ ఈ-సిమ్‌ను కారులోకి ఎక్కించుకోవచ్చు, కారు సిమ్ దాని పని అది చేసుకుంటుంది. కోటి రూపాయల బండితో మొదలైన వసతి పది లక్షల బండికి రావడానికి ఎన్నేళ్లు పట్టాలన్నది మాత్రమే మిగిలిన ప్రశ్న.

‘ఫోను హాట్‌స్పాట్ పెట్టుకోండి, గొడవేంటి’ అనేవాళ్లూ ఉన్నారు. పెట్టుకుంటున్నాం. కానీ ఇనుప డబ్బా లోపల ఉన్న ఫోనుకూ, టాపు మీద యాంటెన్నా ఉన్న కారుకూ సిగ్నల్ పట్టడంలో తేడా ఉంటుంది. ఆ యాంటెన్నాకు కూడా డబ్బు కట్టింది మేమే. పైగా ఫోనును కారు తెరకు కలుపుకునే దారి కూడా ఎన్నాళ్లుంటుందో! అమెరికాలో జనరల్ మోటార్స్ కొత్త ఎలక్ట్రిక్ కార్లలో కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో తీసేస్తామని 2023లోనే ప్రకటించింది. ఆ తెగులు ఇక్కడికి రాకముందే చెబుతున్నాం: ఫోనును తెరకు కలుపుకునే వీలు తీసేసిన కారు మేము కొనం.

నెట్‌వర్క్‌కు వయసు మీరితే కారు సంగతేమిటో కూడా కంపెనీలు ముందే చెప్పాలి. 2022 ఫిబ్రవరిలో టెలికాం కంపెనీ ఏటీ అండ్ టీ తన 3జీ ఆపేసినప్పుడు అమెరికాలో చాలా కార్ల అత్యవసర సేవలు మూగబోయాయి. అక్కడున్న మన తెలుగువాళ్లలో కూడా నిక్షేపంగా నడుస్తున్న బండికి కనెక్షన్ పోగొట్టుకున్నవాళ్లున్నారు. మన రోడ్ల మీద కారు పది పదిహేనేళ్లు తిరుగుతుంది. అందులోని మోడెమ్ అన్నాళ్లు పనిచేయాలి, లేదా మార్చుకునేలా ఉండాలి.

ఇక సెకండ్‌హ్యాండ్ బండి. ఆర్సీ మారుతుంది, ఇన్సూరెన్స్ మారుతుంది, సిమ్ ఖాతా మాత్రం పాత యజమాని పేరు మీదే మిగిలిపోతుంది. అమ్మేసిన బండి ఏ వీధిలో ఉందో పాత ఆసామి ఫోనులో ఇంకా కనిపిస్తుంటే, కొన్నవాడికి గోప్యత ఎక్కడిది? ఆర్సీ బదిలీతోనే పాత ఖాతా తెగిపోవాలి. మా ప్రయాణాల సమాచారం మమ్మల్ని అడక్కుండా ఎవరికీ ఇవ్వకూడదు. జనరల్ మోటార్స్ డ్రైవర్ల వివరాలు బీమా కంపెనీల దాకా చేరాయని 2024లో బయటపడి ఎంత రచ్చయిందో తెలిసిందే.

కారు కొనబోతున్న మీరు మాలో చేరాల్సిన పనేం లేదు. బుకింగ్ రోజున సేల్స్ కుర్రాణ్ణి నాలుగు మాటలు అడగండి: ఇందులో ఏ కంపెనీ సిమ్ ఉంది, మా ఊళ్లో దానికి సిగ్నల్ లేకపోతే మారుస్తారా, ఉచితం తీరాక ఏటా ఎంత కట్టాలి, కట్టకపోతే ఎస్‌ఓఎస్ పనిచేస్తుందా. నోటిమాట చాలదు, ఫారం వెనక రాసి సంతకం పెట్టమనండి. అడ్వాన్సు ఆ తర్వాతే కట్టండి.