నాంపల్లి నుంచి దోహాకి ఒక ఉత్తరం

1991 ఆగస్టులో హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్తున్న విమానంలో ఓ పదేళ్ళ పాప వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఎయిర్‌హోస్టెస్ దగ్గరకెళ్ళి అడిగింది. పక్కన కూర్చున్నది తాత కాదట, మొగుడట! అరవయ్యేళ్ళ సౌదీ దేశస్థుడు. పాప బయటపడింది. అతగాడు మాత్రం బెయిలు మీద వచ్చి దేశం దాటేశాడు. దాటాక అడిగేదెవరు?

అప్పటికి మన దేశంలో మానవ హక్కుల కమిషనే లేదు. బాలల హక్కుల ఒడంబడికలో మనం చేరింది 1992లో, జాతీయ కమిషన్ వచ్చింది 1993లో. ఖతార్‌లో 2002లో, ఒమాన్‌లో 2008లో అలాంటి సంస్థలే ఏర్పడ్డాయి. మరి కథ మారిందా? 2017లో మైనరు కూతుర్ని ఒమాన్ ముసలాయనకి కట్టబెట్టి మస్కట్ పంపేశారంటూ ఓ తల్లి ఫలక్‌నుమా పోలీసుల దగ్గరకెళ్ళింది. ఆ సెప్టెంబరులోనే ఒమాన్, ఖతార్ దేశస్థులు ఎనిమిదిమంది, దళారులు, ఖాజీలతో సహా పట్టుబడ్డారు.

మతాన్ని తిట్టి ఊరుకుంటే లాభం లేదు. అద్దె బాకీ, వరసగా ఆడపిల్లలు, ఎదురుగా నోట్లకట్ట. దళారీకి ఇవే పెట్టుబడి. వాడికి ఇక్కడా మనుషులున్నారు, అక్కడా ఉన్నారు. మరి పిల్ల తరఫున?

ఉండాలనే రాసుకున్నారు. దేశదేశాల హక్కుల కమిషన్లు ఒకదానికొకటి సహకరించుకోవాలని 1993లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పారిస్ సూత్రాలు చెప్తున్నాయి. పిల్లల అమ్మకాన్ని దేశాలు కలిసి ఆపాలంటుంది ఒడంబడిక 35వ అధికరణం. కమిషన్లు శిక్ష వెయ్యలేవు, సిఫార్సే చెయ్యగలవు. నిజమే. కానీ అక్కడి కమిషన్ ఒక్కసారి “ఆ పిల్ల ఏదీ?” అని అడిగితే, నాలుగు గోడల మధ్య ఉన్న పసిదానికి అదే కొండంత అండ కదా!

అబిడ్స్ జీపీఓ నుంచి నడిచిపోయేంత దూరంలో, నాంపల్లి గృహకల్పలో మన రాష్ట్ర కమిషన్ ఉంది. ఫిర్యాదుకి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఏడాది దాటకుండా ఇస్తే చాలు. అలాంటిచోట 2022 చివరి నుంచి 2025 ఏప్రిల్ దాకా ఛైర్మనే లేరు! కుర్చీ ఖాళీగా ఉంటే దోహాకి ఉత్తరం రాసేదెవరు? ఇది మనం గట్టిగా అడగాల్సిన మాట.

పక్కింట్లో చిన్నపిల్లకి పెళ్ళంటే “మనకెందుకులే” అనుకోకండి. 1098కి ఫోను చెయ్యండి, డబ్బు ఖర్చు కాదు. పిల్ల విమానం ఎక్కాక పది ఆఫీసులు తిరిగేకన్నా, గోరింటాకు పెట్టే రోజునే ఆ ఒక్క ఫోను చెయ్యడం మేలు.