పసుపు ఎగుమతి: ఖాళీ జాగాకూ కిరాయి తప్పదు

దుగ్గిరాల: జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమయింది. 2022-23లో మన దేశం నుంచి 1.53 లక్షల టన్నుల పసుపు, పసుపు ఉత్పత్తులు ఎగుమతి కాగా, వాటి విలువ సుమారు 20.7 కోట్ల డాలర్లు. దీనిని 2030 నాటికి 100 కోట్ల డాలర్లకు పెంచాలన్నది ప్రభుత్వ లక్ష్యం. యార్డులో కొమ్ములు, కాయ బస్తాల లెక్కన అమ్మే మన రైతులు సంఘాలుగా ఏర్పడి, పొడి చేసి నేరుగా పంపాలనుకుంటే ముందుగా తెలుసుకోవలసిన లెక్క ఒకటి ఉంది.

కంటెయినర్ మొత్తాన్ని తీసుకున్నప్పుడు ఓడ కిరాయి కంటెయినర్‌కే గాని అందులోని సరుకుకు కాదు. సగం నిండినా కిరాయి అంతే. 20 అడుగుల కంటెయినర్ లోపలి పొడవు సుమారు 5.90 మీటర్లు, వెడల్పు 2.35, ఎత్తు 2.39. అంటే 33 ఘనపు మీటర్లు. పొడవు 50, వెడల్పు 40, ఎత్తు 40 సెంటీమీటర్ల అట్టపెట్టెలు ఇందులో 412 పడతాయని కాగితం మీద తేలుతుంది.

పేర్చి చూస్తే సంగతి వేరు. అన్నిటినీ నిడివికి పెడితే పొడవున 11, అడ్డంగా 5, ఎత్తున 5 వరుసలు; మొత్తం 275 మాత్రమే. పక్కన 35 సెంటీమీటర్లు, పైన 39 సెంటీమీటర్లు వృథా. 412 అనుకుని ధర ఒప్పుకున్న వారికి పెట్టెకు పడే కిరాయి ఒకటిన్నర రెట్లవుతుంది. మిగిలిన 137 పెట్టెలు రేవులో ఉండిపోతాయి.

అవే పెట్టెలను రెండు వరుసలు నిడివికి, మూడు వరుసలు అడ్డంగా తిప్పి పెడితే దొంతరకు 64 చొప్పున 320 పడతాయి. పెట్టె ఎత్తు 3 సెంటీమీటర్లు తగ్గించి చేయిస్తే ఆరవ దొంతర కూడా పట్టి 384 అవుతాయి. పెట్టె చిన్నదయినా మొత్తం సరుకు నూటికి 11 వంతులు పెరుగుతుంది.

అలాగని పైకప్పు దాకా కుక్కడమూ పనికిరాదు. సముద్రం మీద వేడి, చలి మారుతుంటే లోపలి తేమ కప్పుకు పట్టి నీటిచుక్కలై రాలుతుంది. తడి తగిలితే పసుపు బూజు పడుతుంది. తలుపు ఎత్తు కూడా లోపలి ఎత్తుకంటే కొంత తక్కువే. కనుక పైన జానెడు ఖాళీ ఉంచాలి. ఓడ ఊగినప్పుడు దొంతరలు ఒరగకుండా పక్క సందులను చెక్కలతోనో, గాలి సంచులతోనో బిగించాలి. బస్తాలయితే ఉబ్బుతాయి గనుక కొలతకు మరికొంత వెలితి కలుపుకోవాలి.

ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. గోదాము నేల మీద కంటెయినర్ కొలతకు ముగ్గు గీసి, హమాలీల చేత ఒక దొంతర పేర్పించి చూస్తే చాలు. పెట్టెలు అచ్చు వేయించకముందే, కొనుగోలుదారుకు ధర చెప్పకముందే ఈ పని జరగాలి. సంఘాలకు ఈ లెక్కలు నేర్పవలసిన బాధ్యత పసుపు బోర్డుపైనా, మార్కెటింగ్ అధికారులపైనా ఉంది.