నికాహ్ వీడియో గడప దాటకుండా

పెళ్ళి సందడి ముగిసిన రెండు మూడు నెలలకు ఫొటో స్టూడియోవారు ఒక పెన్‌డ్రైవు చేతికిస్తారు. ఇంటిల్లిపాదీ హాలులో చేరతారు. దానిని టీవీకి తగిలిస్తే, ఈ ఫైలు నడవదని తెర మీద ఒక వాక్యం నిలుస్తుంది. లేదా బొమ్మ కనిపిస్తుంది, శబ్దం రాదు. అదే ఫైలు కంప్యూటరులో చక్కగా నడుస్తుంది. అప్పుడు మన ఇళ్ళలో సాధారణంగా జరిగేదేమిటి? ఒక కుర్రవాడు ఆ పెన్‌డ్రైవును జేబులో వేసుకుని బెజవాడ బీసెంట్ రోడ్డుకో, బందరు కోనేరు సెంటరుకో బయలుదేరతాడు. దుకాణదారు ఫైలును తన కంప్యూటరులోకి ఎక్కించుకుని, మార్చి తిరిగి ఇస్తాడు. ఒక ప్రతి మాత్రం అక్కడే ఉండిపోతుంది.

మా అభ్యంతరమల్లా ఆ ప్రతి గురించే. స్త్రీల వైపు తీసిన దృశ్యాలలో మన అమ్మలు, అక్కచెల్లెళ్ళు, పొరుగింటి ఆడపడుచులు పర్దా లేకుండా ఉంటారు. వారు కెమెరా ముందు నిలిచింది ఆ ఇంటివారి మీద నమ్మకంతో. అది అమానత్. పెళ్ళిని చిత్రీకరించడం గురించి ఉలమాల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. ఆ చర్చ ఈ శీర్షిక పరిధిలోనిది కాదు. తీసిన దానిని కాపాడవలసిన బాధ్యత గురించి మాత్రం భేదాభిప్రాయానికి తావు లేదు. అనుమతి పొందకుండా, సలాం చెప్పకుండా ఇతరుల ఇళ్ళలో ప్రవేశించరాదని సూరా నూర్ 27వ ఆయత్ విశ్వాసులను ఆదేశిస్తున్నది. ఇంటి లోపలి దృశ్యాలున్న ఫైలును బజారులో వదలి రావడం ఆ గడపను బార్లా తెరచి ఉంచడం వంటిదే. దుకాణదారులు చెడ్డవారని మేము అనడం లేదు; వారిలో మన సోదరులూ ఉన్నారు. స్టూడియోవారు ఎలాగూ చూశారు కదా అని కొందరు వాదిస్తారు. ఒకరు చూసినంత మాత్రాన పదిమంది చూడడానికి అనుమతి లభించినట్లు కాదు. అసలు పని అప్పగించే ముందే స్టూడియోవారితో రెండు మాటలు అనుకోవాలి: నికాహ్ మజ్లిస్‌ను, స్త్రీల వైపు దృశ్యాలను వేర్వేరు ఫైళ్ళుగా ఇవ్వాలి, పని ముగిశాక తమ వద్ద ఉన్న ప్రతిని చెరిపివేయాలి. ఫైళ్ళు వేరుగా ఉంటే, మరుదులు, బావలు ఇంటికి వచ్చినప్పుడు ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో అన్న ఇబ్బంది కూడా ఉండదు.

ఇక ఫైలు టీవీలో ఎందుకు నడవదు? ఫైలు పేరు చివర ఉండే ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ వంటివి డబ్బా మీది చీటీలు మాత్రమే. డబ్బా లోపల బొమ్మ ఒక పద్ధతిలో, శబ్దం మరొక పద్ధతిలో కుదించబడి ఉంటాయి. కంప్యూటరులోని వీఎల్‌సీ వంటి సాఫ్ట్‌వేరుకు దాదాపు అన్ని పద్ధతులూ తెలుసు. టీవీకి, తయారైన నాడు నేర్పినవి మాత్రమే తెలుసు. బొమ్మ హెచ్.264లో, శబ్దం ఏఏసీలో ఉన్న ఎంపీ4 ఫైలు దాదాపు ప్రతి టీవీలోనూ నడుస్తుంది. కొత్త ఫోన్లు, కెమెరాలు వాడే హెచ్‌ఈవీసీ పాత టీవీలకు అర్థం కాదు. ఐఫోన్లు 2017 నుండి ఈ పద్ధతికి మారాయి. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే, శబ్దం డీటీఎస్ వంటి పద్ధతిలో ఉందని అనుమానించవచ్చు.

మరొక చిక్కు పెన్‌డ్రైవుదే. 32 జీబీ పెన్‌డ్రైవు ఖాళీగా ఉన్నా 6 జీబీ పెళ్ళి ఫైలు అందులోకి ఎక్కనంటుంది. అది ఫ్యాట్32 పద్ధతిలో ఉండడమే కారణం; ఆ పద్ధతిలో ఒక్కొక్క ఫైలు 4 జీబీ దాటరాదు. దానిని ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చితే సరిపోతుంది. మార్చితే లోపల ఉన్నదంతా పోతుందని మరువవద్దు.

అన్నిటికంటె సులువైన మార్గం ఒక హెచ్‌డీఎంఐ కేబుల్. ల్యాప్‌టాప్‌ను టీవీకి కలిపి, విండోస్ మీటతో పాటు పీ నొక్కితే టీవీయే కంప్యూటరు తెర అవుతుంది. ఫైలును నడిపేది ల్యాప్‌టాప్ కనుక పద్ధతుల బెడద లేదు, ప్రతి తీయవలసిన పనీ లేదు. మా ఓటు దీనికే. ల్యాప్‌టాప్ ఎప్పుడూ అందుబాటులో ఉండదనుకుంటే, హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో ఫైలును హెచ్.264కు మార్చుకోవచ్చు. పాత కంప్యూటరులో గంటల తరబడి పడుతుంది. ఇషా తరువాత మొదలుపెడితే తెల్లవారేసరికి సిద్ధంగా ఉంటుంది. అసలు ఫైలును మాత్రం చెరపకండి.

ఉర్దూ ప్రసంగాలకు తెలుగు ఉపశీర్షికలు జోడించుకునే ఇళ్ళవారికి ఒక మాట. నానీకి ఉర్దూ, మనవళ్ళకు తెలుగు అక్షరాలు కావలసిన ఇళ్ళు మన డెల్టాలో తక్కువేమీ కాదు. చాలా టీవీలలో తెలుగు అక్షరాలు ఉండవు. వాటి స్థానంలో చతురస్రాలు వరుస కడతాయి. హ్యాండ్‌బ్రేక్‌లో ఉపశీర్షికలను బొమ్మలోనే ముద్రించే ఏర్పాటు ఉంది, దానిని వాడండి.

ఎవరైనా చూడగల యూట్యూబ్ లింకులో పెళ్ళి వీడియోను పెట్టడం మేము ససేమిరా ఒప్పుకోము. లింకు చేతికందిన ప్రతివాడూ దానిని చూడగలడు, మరొకరికి పంపగలడు. దుకాణానికి వెళ్ళక తప్పకపోతే ఇంటి పెద్ద ఒకరు పక్కన కూర్చుని, పని కాగానే అక్కడి ప్రతిని చెరిపించి రావాలి. పెన్‌డ్రైవును ఇతరులకు ఇచ్చే ముందు కూడా డిలీట్ నొక్కితే చాలదు. చెరిపిన ఫైళ్ళను తిరిగి రప్పించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. విండోస్‌లో ఫార్మాట్ చేసేటప్పుడు క్విక్ ఫార్మాట్ ముందున్న గుర్తును తీసివేస్తే పాతదంతా పూర్తిగా చెరిగిపోతుంది.

2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ఇళ్ళు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. టీవీ మళ్ళీ కొనుక్కోవచ్చు. అల్మారా కింది అరలో ఉన్న వీడియో క్యాసెట్టు, అందులోని మరణించిన తండ్రి గొంతు మళ్ళీ దొరకవు. వరద రాకపోయినా మన గాలిలోని తేమకే క్యాసెట్లకు బూజు పడుతుంది. సీడీలలో ఉన్న పాత పెళ్ళిళ్ళను ఇప్పుడే కంప్యూటరులోకి ఎక్కించండి. ఆ డీఏటీ ఫైళ్ళను వీఎల్‌సీ నడుపుతుంది. ఒక ప్రతిని మీ ఇంట్లో, మరొక ప్రతిని నూజివీడు వంటి మెరకప్రాంతంలో ఉన్న ఆడపిల్ల ఇంట్లో తాళం వేసి ఉంచుకోండి. డిస్కు మీద పెళ్ళి తేదీ వ్రాయండి, వీలైతే హిజ్రీ తేదీ కూడా.