మెదడులో రక్తనాళాల చిక్కు: ముట్టుకోకుండా వదిలేయొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడి వయసు 24. కేసీ కాలువ కింద వరి వేస్తాం. ఆరు నెలల కిందట పొలంలో ఉండగా ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఎమ్మారైలో ఏవీఎం ఉందని, రక్తస్రావం మాత్రం కాలేదని చెప్పారు. మాత్రలు వాడాక మళ్లీ ఫిట్స్ రాలేదు. ‘బాగానే ఉన్నాడు కదా, మాత్రలు ఆపేసి పెళ్లి చేద్దాం’ అంటున్నారు ఇంట్లో పెద్దలు. వైద్యం చేయించకపోతే ఏమవుతుంది?
– ఒక సోదరి, బండి ఆత్మకూరు

జవాబు: ముందుగా ఒక మాట. మాత్రలు ఆపకండి. ఫిట్స్ రానిది వాటివల్లే కావచ్చు.

కాలువ నీరు తూముల గుండా, పిల్లకాలువల గుండా నెమ్మదించి మడిలోకి చేరుతుంది. అలాగే ధమనుల్లో వేగంగా వచ్చే రక్తం సన్నటి కేశనాళికల్లో నెమ్మదించి సిరల్లోకి వెళ్తుంది. ఏవీఎంలో ఈ కేశనాళికలుండవు. వేగంగా వచ్చే రక్తం నేరుగా పలుచటి సిరలోకి దూకుతుంది. ఏదో ఒకనాడు గట్టు తెగినట్టు నాళం చిట్లవచ్చు.

ఏవీఎం ఉన్న 100 మందిలో ఏటా ఇద్దరి నుంచి నలుగురికి ఇలా రక్తస్రావం అవుతుంది. చిన్న సంఖ్యే అనిపిస్తుంది. కానీ మీ తమ్ముడికి ముందు ఎంతో జీవితం ఉంది. ఏటా రెండు శాతం చొప్పున లెక్కవేసినా 30 ఏళ్లలో ముప్పు సగానికి దగ్గరవుతుంది. ఒకసారి చిట్లితే 100 మందిలో సుమారు 10 మంది చనిపోవచ్చు. అంతకంటే ఎక్కువమందికి కాలో, చెయ్యో, మాటో దెబ్బతింటుంది.

అలాగని వెంటనే ఆపరేషన్‌కు పరుగెత్తనక్కర్లేదు. రక్తస్రావం కాని 226 మందిపై జరిగిన ‘అరూబా’ అధ్యయనం 2014లో వెలువడింది. సుమారు మూడేళ్లలో పక్షవాతం లేదా మరణం మందులతోనే ఉన్నవారిలో నూటికి 10 మందికి, ఆపరేషన్, రేడియేషన్ వంటి చికిత్స తీసుకున్నవారిలో 31 మందికి సంభవించింది. అయితే యువకుల విషయంలో మూడేళ్ల లెక్క చాలదన్నది చాలామంది నిపుణుల మాట.

కాబట్టి డీఎస్ఏ అనే యాంజియోగ్రామ్ చేయించి, న్యూరోసర్జన్‌ను మూడు ప్రశ్నలు అడగండి. ఏవీఎం ఎంత పెద్దది? ఎంత లోతులో ఉంది? నాళాల్లో ఎక్కడైనా బుడగలా ఉబ్బిందా? చిన్నదై, పైభాగంలో ఉంటే ఆపరేషన్‌తో తీసేయవచ్చు. లోతులో ఉన్న చిన్నవాటికి గామా నైఫ్ రేడియేషన్ ఉంది. అది పూర్తిగా పనిచేయడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అప్పటిదాకా ముప్పు ఉంటుంది.

డాక్టర్ అనుమతించేదాకా ట్రాక్టర్ నడపడం, కాలువలో ఈత మానాలి. పొగ తాగకూడదు. బీపీ చూపించుకుంటూ ఉండాలి. ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు, ఒకవైపు బలహీనత, స్పృహ తప్పడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కు ఫోన్ చేయండి.

ఇక పెళ్లి అంటారా, ఏవీఎం అందుకు అడ్డు కాదు. చాలావరకు వంశపారంపర్యంగా వచ్చేదీ కాదు. కాకపోతే అమ్మాయి తరఫువాళ్లకు చెప్పే చేయండి. రేపు తలనొప్పి వచ్చిన రాత్రి, ఇంట్లో పక్కనుండేది ఆ అమ్మాయే.