జొన్నరొట్టె, పఖాళ: మా ప్రయాణాల ప్రణాళిక

శ్రీనాథుడు మా పల్నాటి సీమకు వచ్చి జొన్నకూడు చూసి నొచ్చుకున్నాడంటారు. సన్నబియ్యం దొరకదని, ఎటు చూసినా రాళ్లేనని ఆయన పేరున చెప్పుకునే చాటువులు ఈనాటికీ మమ్మల్ని వెంటాడుతున్నాయి. అదే శ్రీనాథుడి పేరున పల్నాటి వీరచరిత్ర కూడా నిలిచింది. తిండి నచ్చని చోటే ఆయన కూర్చుని, వీరుల కథ విని, ద్విపదలో కట్టాడన్నమాట. మాకు ఆదర్శం ఆ రెండో శ్రీనాథుడు.

మేం నరసరావుపేట, గురజాల, మాచర్ల ఊళ్లవాళ్లం. ఏడాదికోసారి కలిసి బయల్దేరతాం. మాలో ఒకరు హైదరాబాదులో ఇల్లు అద్దెకు అడిగితే, ‘మాచర్లా? మీవైపు బాంబులు కదండీ’ అని గుమ్మంలోనే మాట తేల్చేశారు. అది ఎంత గుచ్చుకుంటుందో మాకు తెలుసు. అయినా మేమూ అదే పని చేశాం. ఒడిశాలో ఒకరింట పఖాళ పెడితే, ‘ఇదేంటి, చద్దన్నం పెడుతున్నారు’ అని మాలో మేం గొణుక్కున్నాం. ఆ ఇల్లాలికి తెలుగు రాదు. మా ముఖాలు చూసి గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మా అమ్మమ్మలు మిరపచేలకు మూటగట్టుకెళ్లింది ఆ చద్దన్నమే, నంజుకోను ఒక ఉల్లిపాయతో. తిరుగు రైల్లో గానీ ఆ సంగతి గుర్తు రాలేదు. ఈ ప్రణాళిక ఆ సిగ్గులోంచి పుట్టింది.

కనుక, పెట్టింది తింటాం. నచ్చకపోతే ఎలా వండారో అడుగుతాం గానీ మన వంటతో పోల్చం. ఒక ఊరి గురించి విన్న మాటను ఆ ఊరి మనిషికి అంటగట్టం. వెళ్లేచోటి భాషలో కనీసం పది మాటలు నేర్చుకుని రైలెక్కుతాం.

పక్క సీటు మనిషి ఇంటిపేరు ఆరా తీసి కులం కూపీ లాగం. దీన్ని అన్నిటికన్నా గట్టిగా చెబుతున్నాం. కారంపూడి వీరుల ఉత్సవాల్లో మందపోరు నాడు చాపకూడు ఉంటుంది. కులభేదం లేకుండా అందర్నీ కలిపి భోజనానికి కూర్చోబెట్టిన బ్రహ్మనాయుణ్ణి తలుచుకుంటూ తినే కూడు అది. అది తిని చేయి కడుక్కుని, మర్నాడు రైల్లో ‘మీరేవిట్లు?’ అని అడిగితే ఆ కూడు వంటబట్టనట్టే.

ఆడవాళ్లు ఒంటరిగా బయల్దేరితే ‘తోడెవరు?’ అని నిలదీయం.

మన సీమను చూడకుండా దూరదేశాలు పోం. నాగార్జునకొండ లోయలోని విజయపురి 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని. అక్కడ బోధిసిరి అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించి శాసనం వేయించింది. ఆ రాతిమీద కశ్మీరం, గాంధారం, చీనా, వంగ, యవన దేశాల పేర్లున్నాయి. సముద్రం అవతలివాళ్లకు మన నేలమీద ఒక స్త్రీ చోటిచ్చింది. ఆ లోయ ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ల కింద ఉంది. శిథిలాలు కొన్నిటిని, ఇప్పుడు దీవిగా మిగిలిన కొండమీదికీ అనుపుకూ తరలించి నిలబెట్టారు. లాంచీ దిగి ఫొటో తీసుకుని మళ్లీ అదే లాంచీ ఎక్కడం మా లెక్కలో చూడడం కాదు. ఒక పూట ఉంటాం, ఒక్కో ఫలకం ముందు నిలబడి చూస్తాం.

తిరిగొచ్చాక ఎన్ని చోట్లు చూశామో లెక్క చెప్పుకోం. మా అభిప్రాయం ఏది తప్పని తేలిందో ఒక్కొక్కరం లేచి చెబుతాం. ఏదీ తేలలేదన్నవాళ్లను మళ్లీ అదే ఊరు పంపుతాం.

మా ఊళ్లకు వచ్చేవాళ్లకూ ఇంతే మర్యాద చేస్తాం. కార్తీక అమావాస్యకు కారంపూడి రండి. నాగులేటి ఒడ్డున వీరుల గుడి చూపిస్తాం, పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యావంతుల పాట వినిపిస్తాం. మా ఇళ్లలోనే ఉందురుగాని. జొన్నరొట్టె, గోంగూర పచ్చడి పెడతాం. నచ్చకపోతే మొహమాటం లేకుండా చెప్పండి, కానీ పాట పూర్తయ్యేదాకా ఉండి వెళ్లండి.